మూడో మలుపు మనిషి

రేస్ ట్రాక్ మూడో మలుపు దగ్గర మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడడమే ఆయన ఉద్యోగం. ఎంత ఎండ కాసినా మందపాటి సూటు జిప్పు దించడు. ఎప్పుడో కాలిన ఎడమ కనుబొమ్మ మళ్లీ మొలవలేదు. ఎవరు గెలిచారో ఆయనకు పట్టదు, చూపంతా చక్రాల మీదే. ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా కుడిచెయ్యి సిలిండర్ కోసం తడుముకుంటుంది. కారు కాస్త జారితే చాలు, గ్యాలరీలో జనం ఫోన్లెత్తి ఈలలేస్తారు. అప్పుడు ఆయన పళ్లు పటపటా కొరుకుతాడు. మొన్న బావమరిదికి పాసు ఇప్పించాడు. రేసు అయ్యాక అతను ఆవులిస్తూ వచ్చాడు. "ఏంటి బావా, ఒక్క కారూ పల్టీ కొట్టలేదు! మహా బోరు." ఆయన అతని మెడలోంచి పాసు లాగేశాడు. "నీకు బోరు కొట్టాలనే కదరా, నేను పొద్దుట్నుంచీ ఈ ఎండలో చస్తున్నది!"