అటక మీది గాలి

ఇల్దా ఎవరింట్లోనూ ముందుగా గ్లాసు ఎత్తేది కాదు. పోసినవాళ్లు తాగాక, వాళ్ల ముఖం కాసేపు చూసి, అప్పుడు తాగేది. పాదిరిగారింట్లోనూ అంతే. ఆయన అలవాటుపడిపోయాడు.

మా ఇల్లు ఆవిడ ఇంటికి ఎదురు. భర్త అమెదేయో పోయాక, ఆయన తమ్ముడు సిల్వినోతో పంపకాలు జరిగాయి. కొండవాలులోని నోసియోలా అనే తెల్ల ద్రాక్షతీగలు చెరి సగం. అటక కూడా చెరి సగం, మధ్యలో చెక్కల గోడ. సరస్సు వైపు కిటికీలన్నీ సిల్వినో సగంలో పడ్డాయి. ఇల్దాకు దక్కింది కొండవైపు కిటికీ ఒక్కటే. మధ్యాహ్నం సరస్సు మీది నుంచి వచ్చే ఓరా గాలి ఆవిడ సగంలోకీ రావాలని, చెక్కల మధ్య వేలు పట్టేంత సందులు వదిలారు.

తెల్ల ద్రాక్షలో మంచి గుత్తుల్ని మేం కోసిన వెంటనే పిండెయ్యం. రెల్లు తడికల మీద పరిచి ఈస్టర్ ముందు వారం దాకా అటక మీద ఆరబెడతాం. అప్పుడు తీపి వైనుకు కారే రసం కొంచెమే. ఆ కొంచెమే ఇల్దాకు ఏడాది బతుకు. గాలి ఆడకపోతే బూడిదరంగు బూజు పడుతుంది. ఇక పారబోయడమే.

ఆ ఏడు గుత్తులు బాగా వచ్చాయి. బాగా రావడమే ఆవిడకు భయమైంది. మరిది సందుల్లోంచి తన తడికలు చూస్తున్నాడని అనుమానం. పిండిగోనెలు చింపి, మడిచి, కింది నుంచి పై దాకా సందులన్నిట్లో కుక్కింది.

"ఇక చూసుకోమను," అంది నాతో.

నవంబరులో ఒక మూల బూజు కనిపించింది. ఇల్దా దూలానికి దారంతో కోడి ఈక వేలాడదీసింది. బయట ఓరా వీస్తోంది. ఈక కదలలేదు. సిల్వినో కిటికీలు మూసేశాడని తేల్చుకుంది. వాకిట్లోంచి చూస్తే తెరిచే ఉన్నాయి. తను చూసినప్పుడే తెరుస్తున్నాడని అనుకుంది.

నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని వెళ్లింది. సిల్వినో గుమ్మంలో మొక్కజొన్న సంకటి, పొలెంటా, తింటున్నాడు.

"ఏమయ్యా, గాలంతా నువ్వే ఉంచేసుకుంటున్నావా?"

"ఏ జేబులో ఉందో వెతుక్కో వదినా."

"నవ్వకు. నా పంట కుళ్లిపోతోంది. నేను తీగలు అమ్ముకుంటే కొనేది నువ్వేగా."

అతను చెంచా కింద పెట్టాడు. "పైకి రా, చూద్దువుగాని."

"ముందు నువ్వెక్కు."

అతని అటక మీద గాలికి ఆవిడ తలగుడ్డ ఎగిరింది. తెరిచిన కిటికీ రెక్కకూ గోడకూ మధ్య పాత సాలెగూడు ఉంది. ఎవరూ ఆ రెక్క కదపలేదు. ఇల్దా చెక్కల గోడ వైపు తిరిగింది. సందుల్లోంచి తన గోనెలు నాలుకల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి.

"నీకు తెలుసా ఇది?"

"కుక్కిన రోజే తెలుసు."

"చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా? ఇంకో గోనె కుక్కేదానివి."

ఇల్దా అతని ముఖం చాలాసేపు చూసింది, గ్లాసు ఎత్తే ముందు చూసినట్టే. అతను అన్నది నిజమే. పంట కుళ్లితే తీగలు తనవవుతాయనుకున్నాడన్నదీ నిజం కావచ్చు. నాకూ తేలలేదు.

ఆ సాయంత్రమే గోనెలు పీకింది. ఈక కదిలింది. బూజు పట్టిన గుత్తులు ఏరి పారేసింది, మిగిలినవి నిలిచాయి. ఈస్టర్ ముందు పిండితే చిన్న పీపా నిండింది. తీగలు అమ్మలేదు.

మనిషి కళ్ల ఎత్తున మాత్రం గోనెల వరస ఒకటి తియ్యలేదు. ఆవిడ పోయాక అటక ఎక్కి చూశాను. ఇంకా ఉంది. ఒకచోట సిల్వినో వైపు నుంచి ఎవరో దాన్ని వేలితో లోపలికి నెట్టారు, ఒక కన్ను పట్టేంత.