నడవనివ్వని రోడ్డు

షుగర్ అంచుకొచ్చిందనీ, రోజూ నడవకపోతే మాత్రలు తప్పవనీ డాక్టర్ చెప్పినప్పటి నుంచి గ్లోరీ పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టేసి ఎల్లారెడ్డి ఊరి బయట కామారెడ్డి రోడ్డు పట్టుకుని నడుస్తోంది. కాళ్లకు కొడుకు నిరుటి బడి బూట్లు. కొంగు నడుముకు దోపి, తల దించుకుని వేగంగా నడుస్తుంది. తలెత్తితే ఎవరో ఒకరు ఆగుతారు. తెలిసిన ఆడమనిషి నడిచిపోతుంటే చూస్తూ దాటిపోవడం అక్కడ మర్యాద కాదు. "ఎక్కక్కా, పైసలొద్దు," అంటూ ఆటో ఆగుతుంది. వెనకే పాలబండి. వద్దంటే, మొగుడి మీద అలిగి బీబీపేటలోని పుట్టింటికి పోతోందనుకుంటారు. ఒకరోజు ఆమె ఇల్లు చేరేలోపే తల్లి మరియ ఫోన్ చేసింది. "అల్లుడు ఏమన్నడే?"

ఒళ్లు మండి, మర్నాడు భర్త సునీల్‌కుమార్‌ను వెంట రమ్మంది. అతను బండిని నెమ్మదిగా పోనిస్తుంటే ఆమె పక్కన నడిచింది. చర్చి పెద్ద ఏసయ్య సైకిల్ దిగి అడ్డం నిలబడ్డాడు.

"ఏంది సునీలూ, నువ్వు బండి మీద, పిల్ల కాళ్ల మీదనా?"

"షుగర్‌కు నడుస్తున్న బాపూ," అంది గ్లోరీ.

"షుగరున్న మనిషినా నడిపిస్తున్నవు? సిగ్గుండాలె!"

సునీల్ ముఖం మాడిపోయింది. "ఎక్కవే, ఇజ్జత్ తియ్యకు," అన్నాడు. ఆమె ఎక్కింది.

ఇంటికి రాగానే అతను కుర్చీలో కూలబడ్డాడు. "పొద్దుగాల్నే అలిసిపోయిన. చాయ్ పెట్టు."

గ్లోరీ బూట్లు విప్పకుండానే వంటింటికి నడిచింది. ఆ దారిలో ఆమెను ఎవరూ ఆపలేదు.