లేబుల్ అక్క పేరు

నాచారంల మసాలా పొడులు డబ్బాలకెత్తే కంపెనీల ఏడేండ్లు నిలవడి పనిజేసిన. మోకాళ్లు ఉబ్బి, ఇంటికొస్తె మెట్లెక్కుడు గూడ కష్టమైంది. సూపర్వైజర్ అయితే కూసోని పనిజెయ్యచ్చు. ఆ జాగ ఖాళీ అయిందని తెల్వంగనే పోయి అడిగిన. ఆఫీసుల సార్ నన్ను పైనుంచి కిందికి జూసి, "రోజూ రిపోర్టు ఇంగ్లీషుల రాయాలె. వస్తదా?" అన్నడు. "నేర్సుకుంట సార్," అన్న. నెల దినాలు టైమిచ్చిండు.

ఉప్పల్‌ల మా చర్చికి వచ్చే ఒక చెల్లె పోచారంల సాఫ్ట్‌వేర్ కొలువు జేస్తది. ఆదివారం ఆరాధన అయినంక నన్ను చాపమీద కూసోవెట్టుకొని మొదలువెట్టింది. మొదటి పాఠమే నౌన్.

"పేరున్న ప్రతిదీ నౌనే అక్కా. మనిషి, ఊరు, వస్తువు. కంటికి కనవడనియి గూడ."

"మోకాళ్ల నొప్పో?"

"అది గూడ నౌనే," అని పకపక నవ్వింది.

లెక్కకొచ్చేయి, లెక్కకు రానియి అని రెండు రకాలంటే నాకు చిటికెల ఎక్కింది. డబ్బాలను ఒకటి, రెండు అని లెక్కవెడ్తం. కారప్పొడిని తూకమేస్తం. ఏడేండ్ల సంది నేను జేసింది గదే గద! డబ్బాలు ఎక్కువుంటే మాట చివర్ల ఎస్ పెట్టాలె, కారప్పొడికి పెట్టద్దు. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు పెద్దక్షరంతోని మొదలుగావాలె. పొయ్యిమీద కూర ఉడుకుతుంటె పక్కన నోట్‌బుక్ వెట్టుకొని ఇవే రాసుకునేదాన్ని.

నెల అయినంక సార్ పిలిచి, "ఇయ్యాల మీ లైన్ల ఏమైందో రాయి," అన్నడు. రాసిన. లేబుల్ లేడీకి తల తిరిగింది, క్యాప్ లేడీ ఆమె పనిగూడ జేసింది, డబ్బాలు తక్కువైనయి అని. సార్ చదివి తలూపిండు. "ఇంగ్లీషు నడుస్తది. ఈ లేబుల్ లేడీ ఎవరు? పేరేంది?"

మా లైన్ల ఎవ్వలం పేరువెట్టి పిలుసుకోం. ఏ పని కాడ నిలవడితే గదే పేరు. లేబుళ్లు అంటించే ఆమె లేబుల్ అక్క, మూతలు బిగించే ఆమె క్యాప్ అక్క, నేను తూకం అక్క. హాజరంటరా, గేటుకాడ మిషిన్ల వేలు వెడితే అయిపాయె. లేబుల్ అక్కకు షుగరున్నదని తెలుసు, ఆమె కోడలు అలిగి బోడుప్పల్‌ల తల్లిగారింట్ల కూసున్నదని తెలుసు, గోంగూర పచ్చడిల ఎల్లిపాయ ఎక్కువేస్తదని తెలుసు. పేరు మాత్రం తెల్వది. సిగ్గుతోని సచ్చిపోయిన.

"పేర్లు తెల్వకుంట రిపోర్టేం రాస్తవమ్మా? రేపు పేర్లతోని రా," అన్నడు సార్.

బువ్వ తినేకాడ అడిగిన. క్యాప్ అక్క ఎంబడే చెప్పింది. లేబుల్ అక్క ముద్ద కిందవెట్టి నా మొకం జూసింది.

"ఏడేండ్లకు యాదికొచ్చిందా? గిప్పుడెందుకే?"

"సూపర్వైజర్ జాగ కోసం అక్కా. కాగితం మీద రాసుడు, అంతే."

ముద్ద మళ్ల చేతిలకు తీసుకున్నది. పేరు చెప్పింది. "రాసుకో. నువ్వన్న కూసో పో," అన్నది.

ఆ జాగ నాకే వచ్చింది. చెల్లెకు చెప్తె చర్చిలనే చప్పట్లు కొట్టింది. కొన్ని దినాలు సాఫీగ నడిచింది. ఒకనాడు ధనియాల పొడి డబ్బాలకు కారప్పొడి లేబుళ్లు పడ్డయి. అన్ని పీకి మళ్ల అంటించాల్సొచ్చింది. పొద్దటిసంది లేబుల్ అక్కకు కండ్లు మసకలయితున్నయి. నాకు తెలుసు, నాకే చెప్పింది. రిపోర్టుల ఎవరి తప్పో రాసేతందుకు ఒక గడి ఉంటది. ఖాళీ ఇడిస్తె నా జాగ పోతదని భయపడ్డ. కండ్ల సంగతి రాయలే, పేరు రాసిన.

సార్ ఆమెను పిలిపిచ్చి, లేబుళ్ల కాడికెల్లి తీసి ఊడ్చే పనికేసిండు. ఆమె బయటికొచ్చి సక్కగ నా ముందల నిలవడ్డది. తిడ్తదనుకున్న. తిట్టినా బాగుండు.

"లోపల నా పేరు సదివిన్రే," అన్నది మెల్లగ. "ఈ కంపెనీల నా పేరు ఇనుడు గిదే మొదటిసారి."