వెల్మా కోస్కి పక్కింటివాడు

ఆ గది తాళంచెవి చేతికొచ్చిన రోజున వెల్మా కోస్కికి యాభై ఎనిమిదేళ్లు. అంతకుముందు పద్నాలుగు నెలలు ఆమె తన పాత కారులోనే పడుకుంది. ఎడారి యుద్ధంలో ఇంధనం ట్యాంకర్లు నడిపిన సార్జెంటు ఆమె. ఒక పేలుడులో ఎడమ చెవికి వినికిడి పోయింది. తిరిగొచ్చాక పంతొమ్మిదేళ్లు సరుకుల లారీ తోలింది. పెళ్లి చేసుకుంది, విడిపోయింది. నడుం పాడయ్యాక లారీ పోయింది, దాని వెనకే ఇల్లూ పోయింది. చివరికి సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక నాలుగంతస్తుల ఇటుక భవనంలో, మూడో అంతస్తులో ఆమెకు గది దొరికింది. అక్కడ ఉండేవాళ్లంతా మాజీ సైనికులే. అద్దెలో చాలా భాగం ప్రభుత్వమే భరిస్తుంది. మొదటి వారమంతా వెల్మా ఊరికే గడియ వేసేది, తీసేది, మళ్లీ వేసేది. లోపలి నుంచి వేసుకునే గడియ విలువ కారులో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఒప్పందం కాగితాల్లో ఒక షరతును మాత్రం ఆమె రెండుసార్లు చదివింది. భవనంలో ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటే గది ఖాళీ చెయ్యాలి. ‘నేనెవరి జోలికి పోతాను?’ అనుకుని సంతకం పెట్టింది.

మూడేళ్లు ప్రశాంతంగా గడిచాయి. ఆ తర్వాత ఒక ఏప్రిల్‌లో పక్క గదిలోకి గారెట్ నైమన్ దిగాడు. ముప్పై నాలుగేళ్లవాడు. అఫ్గానిస్తాన్‌కు రెండుసార్లు వెళ్లి, వెన్నులో ఇనుప మరలతో తిరిగొచ్చాడు. వచ్చిన కొత్తలో మంచివాడే. ఎదురు గదిలో చక్రాల కుర్చీలో తిరిగే ఆంబ్రోస్‌కు సరుకుల సంచులు మోసిపెట్టేవాడు. ఆంబ్రోస్ ఒకప్పుడు యుద్ధనౌకల్లో వంటవాడు, డెబ్బై దాటినవాడు. వెల్మాను గారెట్ ‘సార్జెంట్’ అని తప్ప పేరుపెట్టి పిలిచేవాడు కాదు.

డాక్టర్లు నొప్పి మాత్రలు రాయడం ఆపేశాక అతను వాటిని బయట వెతుక్కున్నాడు. ఆగస్టుకల్లా మాత్రల చోట సూదులొచ్చాయి. సూదులతో పాటు మనుషులొచ్చారు. లిఫ్టులో మూత్రం కంపు. మెట్ల మీద నెత్తురు అంటిన దూది. అతని తలుపు ఏదో తెలియక వెల్మా తలుపునే దబదబా బాదేవాళ్లు. అతను కూడా ఒక్కోరోజు పొద్దున్నే గోడకు తల కొట్టుకుంటూ అరిచేవాడు. ఆ గోడకు ఇవతల వెల్మా కాఫీ కప్పు పట్టుకుని నిలబడిపోయేది.

వచ్చేవాళ్లలో రెజ్ అనేవాడు ముఖ్యుడు. సరుకు తెచ్చేది అతనే. అక్టోబరులో ఒక మధ్యాహ్నం లిఫ్టు ముందు ఆంబ్రోస్ కుర్చీ అడ్డంగా ఉందని, రెజ్ దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. ముసలాయన కుర్చీతో సహా పక్కకు పడ్డాడు. మణికట్టు పుటుక్కుమన్న చప్పుడు వెల్మా కుడి చెవికి స్పష్టంగా వినిపించింది. రెజ్ ఆయన కాళ్ల మీదుగా దాటుకుంటూ లిఫ్టు ఎక్కాడు.

ఆమె నేరుగా కింద ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు హాల్వర్సన్ అనే పాతికేళ్ల అమ్మాయి.

"ఆ రెజ్ మా భవనంలో ఉండే మనిషి కాదండీ. గారెట్‌ను పంపించాలంటే నోటీసు ఇవ్వాలి, కోర్టుకెళ్లాలి. పైగా అతను చికిత్స జాబితాలో ఉన్నాడు. మీరు చూసిందంతా తేదీలు వేసి రాసివ్వండి."

"రాస్తూనే ఉన్నాను తల్లీ. ఒక నోటుబుక్కు నిండిపోయింది. మాలో ఒకరు చచ్చాక చదువుతారా ఏంటి?"

వెల్మా అక్కడి నుంచే పోలీసులకు ఫోన్ చేసి, గారెట్ పేరు కూడా చెప్పింది. పోలీసులు వచ్చి, ఆంబ్రోస్ చెప్పింది రాసుకుని, గారెట్ తలుపు తట్టి వెళ్లిపోయారు.

నవంబరులో ఒక ఉదయం బట్టలుతికే గదిలో గారెట్ ఆమెకు ఎదురుపడ్డాడు. చెంపలు లోపలికి పోయాయి, కళ్లు ఒక చోట నిలవడం లేదు.

"పోలీసులకు నా పేరు చెప్పింది నువ్వేనా?"

"నేనే. నీ స్నేహితుడు ఒక ముసలాయన చెయ్యి విరిచాడు. నువ్వు లోపల పడుకుని విన్నావు."

"చెవిటిదానా, నీకేం వినపడిందే?"

ఆమె జవాబు చెప్పేలోపే అతను జుట్టు పట్టుకుని, బట్టలారబెట్టే యంత్రం ఇనుప తలుపుకేసి ముఖం బాదాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నోరంతా ఉప్పగా అయింది. పన్ను ముక్క నాలుక మీదికొచ్చింది. కిందపడుతూనే వెల్మా బూటు మడమతో అతని మోకాలి చిప్ప మీద తన్నింది. అతను కూలాక సబ్బునీళ్ల డబ్బా తీసుకుని ముక్కు మీద కొట్టింది. ఇద్దరూ తడి నేల మీద కూర్చుని నెత్తురు ఉమ్ముకుంటుంటే, కింది అంతస్తువాళ్లు వచ్చి విడదీశారు.

రెండు రోజుల తర్వాత ఇద్దరి తలుపుల కిందా ఒకే రకం ఉత్తరం వచ్చి పడింది. ఇది మొదటి, చివరి హెచ్చరిక. ఇంకొకసారి గొడవైతే ఇద్దరూ ఖాళీ చెయ్యాలి. వెల్మా ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. వీధి చివర మంచు కప్పుకుని ఆమె కారు ఇంకా అక్కడే ఉంది. దాని వెనక సీటు ఎంత పొడవో ఆమె ఒంటికి తెలుసు.

డిసెంబరులో గారెట్ కనపడడం మానేశాడు. అతని తాళంచెవి రెజ్ జేబులో ఉండేది. రెజ్, పసుపు జాకెట్ వేసుకున్న ఇంకొకడు పగలంతా ఆ గదిలోనే మకాం. వాళ్లకు అదిప్పుడు దుకాణం. గోడ అవతల నుంచి దెబ్బల చప్పుడు వచ్చేది. మెత్తటి చోట పడే దెబ్బలు. ఎవరిని కొడుతున్నారో వెల్మాకు మొదటి రోజే అర్థమైంది. తన్నులు తినేది గారెట్టే. అర్థమై, సంతోషించింది. ‘తిననీ’ అనుకుంది. విరిగిన పంటిని నాలుకతో తడుముకుంటూ మూడు రోజులు అలాగే అనుకుంది.

నాలుగో రోజు పదకొండు గంటలకు చెత్త పారెయ్యడానికి బయటికొస్తే, పక్క తలుపు జానెడు తెరుచుకుంది. గారెట్. ఒక కన్ను మూసుకుపోయింది. ఎడమ చేతికి గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టి ఉంది, అది నల్లగా తడిసిపోయింది.

"గారెట్! నీ చేతికేమైందిరా?"

"లోపలికెళ్లి తలుపేసుకో సార్జెంట్. వాళ్లు బాకీ ఉన్నానంటున్నారు. నువ్వు..."

వెనక నుంచి ఒక చెయ్యి అతని మెడ పట్టి లాగింది. తలుపు మూసుకుంది.

ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. పంపిస్తున్నాం, మంచు తుఫాను వల్ల కాస్త ఆలస్యం కావచ్చు, మీరు బయటికి రావద్దన్నారు. ఆమె రాలేదు. ఇరవై నిమిషాలు కూర్చుంది. అప్పుడు ఆ అరుపు వినపడింది. అది పెద్దవాడి గొంతులా లేదు. ట్యాంకరు తగలబడిన రోజు లోపల ఇరుక్కున్న డ్రైవరు అలాగే అరిచాడు. ఆ రోజు ఆమె దగ్గరికి వెళ్లలేకపోయింది.

మంచం కింద లారీ నాటి వీల్ పానా ఉంది, మోచేతి పొడవు ఇనుము. అది తీసుకుని బయటికొచ్చేసరికి ఎదురు తలుపులో ఆంబ్రోస్ ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి పక్కన, ఒళ్లో మంటలార్పే ఎర్ర సిలిండరు.

"నువ్వు రాకు ముసలోడా."

"నోర్మూసుకుని తలుపు కొట్టు. ముందు నేనే కుమ్మరిస్తాను."

వెల్మా తలుపు తట్టింది. "ఎవడ్రా?" అంటూ పసుపు జాకెట్‌వాడు తీశాడు. ఆంబ్రోస్ అతని ముఖం నిండా తెల్లపొడి చిమ్మాడు. ఆ పొగలోనే వెల్మా పానాతో అతని భుజం ఎముక విరగ్గొట్టి లోపలికి దూరింది. స్నానాల గదిలో గారెట్ తొట్టిలో పడి ఉన్నాడు. చేతులు కుళాయి గొట్టానికి వైరుతో కట్టేసి ఉన్నాయి. రెజ్ అతని మీదికి వంగి ఉన్నాడు, చేతిలో కటింగ్ ప్లయర్. తొట్టి అంచు మీద ఒక వేలు ఉంది. వెల్మా దాన్ని చూసింది.

రెజ్ నడుం దగ్గరి కత్తి లాగి ఆమె మీదికి ఝుళిపించాడు. ఆమె ముంజేయి మోచేతి దాకా చీలింది. నొప్పి తెలియలేదు. మొదటి దెబ్బ అతని మణికట్టు మీద పడింది, కత్తి జారింది. రెండోది మోకాలి మీద. మూడోది దవడ మీద. అక్కడితో రెజ్ నేల మీద పడిపోయాడు. అక్కడితో ఆగాల్సింది.

"ఆపు వెల్మా! చచ్చిపోతాడు! వెల్మా!"

ఆంబ్రోస్ అటువైపు, ఆమెకు వినపడని ఎడమ చెవి వైపు ఉన్నాడు. చివరికి ఆయన కుర్చీలోంచి కిందపడి, పాక్కుంటూ వచ్చి, ఆమె కాలు పట్టుకున్నాక గానీ ఆమె ఆగలేదు. తనకు మూడు దెబ్బలే గుర్తు. ఆస్పత్రివాళ్లు పదకొండు అన్నారు.

పోలీసులు వచ్చి ముందు ఆమె చేతులకే బేడీలు వేశారు. ఇరవై ఆరు కుట్లు పడ్డాక మూడు రోజులు జైల్లో ఉంచారు. ఒక మనిషి ప్రాణం కాపాడడానికి కొట్టిందని ప్రాసిక్యూటరు కేసు వదిలేశాడు. రెజ్ బతికాడు, కుడి కన్ను పోయింది, కోర్టు అతనికి పద్నాలుగేళ్లు వేసింది. పసుపు జాకెట్‌వాడికి ఆరు.

గది సంగతి మాత్రం తేలలేదు. షరతు షరతే. జనవరిలో విచారణ పెట్టారు. అధికారులు ముగ్గురు ఒక బల్ల వెనక కూర్చుంటే, వెల్మా తన నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ పిలవకుండానే గారెట్ వచ్చాడు. రెండు వేళ్లు లేని చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"వాళ్లను లోపలికి తెచ్చింది నేను. ఆంబ్రోస్ పడిపోతే విని పడుకుంది నేను. ఈవిడ పన్ను విరగ్గొట్టింది నేను. ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలంటే అది నేనే. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

అక్కడే పెట్టాడు. వెల్మా గది వెల్మాకు ఉండిపోయింది. హాల్వర్సన్ వరండాలో ఆమెను పట్టుకుని ఏడ్చింది. వెల్మాకు ఏడుపు రాలేదు. గదికెళ్లి లోపలి నుంచి గడియ వేసుకుంది.

మార్చిలో ఆమె రెండు గంటలు కారు నడుపుకుంటూ గారెట్ ఉన్న చికిత్సా కేంద్రానికి వెళ్లింది. అతను కాస్త ఒళ్లు చేశాడు.

"మూడు రోజులు విన్నాను గారెట్. నిన్ను కొడుతుంటే విని సంతోషించాను."

"తెలుసు. నువ్వు టీవీ చప్పుడు పెంచేదానివి. ఆ గోడ అట్ట లాంటిది."

"మరి ఆ విచారణకు నా కోసం ఎందుకొచ్చి చెప్పావురా?"

"నాలుగో రోజు వచ్చావుగా. ఇంకెవరూ ఏ రోజూ రాలేదు."

భోజనాల గదిలో ఇద్దరూ చికెన్ సూప్ తాగారు. అతనిది ఎడమచేతి వాటం, మిగిలిన మూడు వేళ్లతో చెంచా పట్టుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాడు, రెండుసార్లు ఒలికింది. ఆమె తుడవలేదు, అతనే తుడుచుకున్నాడు.

గారెట్ ఆ వేసవిలో ఒకసారి మళ్లీ సూదికి జారాడు, మళ్లీ చికిత్సలో చేరాడు. ఇప్పుడు ఆ కేంద్రం ఉన్న ఊళ్లోనే పడవలకు రంగులు వేసే చోట పని చేస్తున్నాడు. వెల్మా బుధవారాలు మాజీ సైనికుల బృందంలో కూర్చుంటుంది. అక్కడ అందరూ యుద్ధం గురించి చెబుతారు. ఆమె ఆ పదకొండు దెబ్బల గురించి చెబుతుంది. మిగతా ఎనిమిదీ తను కొట్టలేదనాలని ఉంటుంది గానీ, ఎన్నడూ అలా అనలేదు.