మాండొలిన్ పెట్టెను ఎవరూ పడేయలేదు

ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. బరువని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. పోయింది మనిషి ప్రాణమా? కాదు. ఇల్లా, పొలమా? కాదు. ఒక మాండొలిన్. ఎనిమిది తీగలతో, చంకలో ఇమిడిపోయే చెక్క వాయిద్యం. దాని గురించి మీకు చెప్పుకుందామని కూర్చుంటే ముందుగా ఏం వస్తోందో తెలుసా? పశ్చాత్తాపం కాదు. చిరాకు. ఒప్పుకోలు ఇలా మొదలు కాకూడదేమో. కానీ మీ దగ్గర కూడా నటించేటట్టయితే ఇక రాయడం దేనికి?

నా పేరు అడగకండి. మాది లాల్‌దర్వాజా. అక్కడ మాకు శనివారం శనివారం కూర్చునే భజన మండలి ఒకటి ఉంది. నేను హార్మోనియం. నర్సింగన్న మాండొలిన్. ఆయన నాకంటే పెద్దవాడు, మండలికీ పెద్ద. ఆయన తమ్ముడు శంకర్ వెనక కూర్చుని గొంతు కలిపేవాడు. అన్నదమ్ములది ఒకే ఇల్లు, కింద అన్న, పైన తమ్ముడు. ఇద్దరికీ కలిపి పొద్దున చాయ్ కిందే అయ్యేది.

ఆ మాండొలిన్‌ని నర్సింగన్న వాళ్ల బాపు పాత సామాన్ల బజారులో కొన్నాడట. దాన్ని చూసుకున్నట్టు ఆయన కట్టుకున్న మనిషిని చూసుకోలేదని వదిన అందరి ముందే అనేది. పండగనాడు దేవుడికంటే ముందు దానికి బొట్టు. చినుకు పడితే అందరం తడుస్తాం, అది తడవదు. ఇంకొకరు ముట్టుకుంటే మనిషి ముఖం మాడిపోతుంది. సరే, వాయిద్యగాళ్లకు ఇలాంటి పిచ్చి ఉంటుంది, నాకూ ఉంది. నా అసలు బాధ అది కాదు, దాని శ్రుతి.

మీకు సంగీతం తెలియకపోయినా ఇది అర్థమవుతుంది. హార్మోనియంలో మెట్లు ఉంటాయి. ఒక మెట్టు ఒకటో శ్రుతి, దాని పక్కది ఒకటిన్నర. నడుమ ఏమీ లేదు. నర్సింగన్న మాండొలిన్ సరిగ్గా ఆ నడుమన పలికేది. ఒకటి కాదు, ఒకటిన్నర కాదు. తబలావాడు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దానికి సర్దుకునేవాడు. పాడేవాళ్లు గొంతు సర్దుకునేవారు. నేనెలా సర్దుకోను? నా హార్మోనియం పెట్టెలోని స్వరాలను ఎవడో ఎప్పుడో బిగించి పెట్టాడు, అవి అలాగే పలుకుతాయి. నేను వాయిస్తే రెండూ కలవక పంటికింద రాయి పడ్డట్టు ఉండేది. అందుకని నా చేతికి తాళాలు ఇచ్చారు. హార్మోనియం వాయించడానికి చేరినవాణ్ణి, ఏళ్ల తరబడి తాళాలు కొడుతూ కూర్చున్నాను. నర్సింగన్నకు జ్వరం వచ్చిన శనివారాలే నా శనివారాలు.

అడగలేదా అంటే ఎన్నిసార్లు అడిగాను! కాస్త పెంచితే ఏం పోతుంది అన్నా, అని. ఆయనది ఒకటే జవాబు. “దాని గొంతు గదే తమ్మీ. మీదికి గుంజొద్దని మా బాపు చెప్పిండు. గుంజితే ఏడుస్తది.” ఏడుస్తది! ఇంత వయసొచ్చిన మనిషి చెక్కముక్క గురించి అనే మాటేనా అది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేను గొణిగితే మండలిలో వాళ్లు ‘ఆడలేక మద్దెల ఓడు’ అని నన్నే ఆటపట్టించేవారు.

మాండొలిన్ పై పలక లోపల పాత పగులు ఉందనీ, వాళ్ల బాపు జిగురు పెట్టి అతికించాడనీ నర్సింగన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను చెయ్యి వేసేవాణ్ణి కాదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. నిజమే కూడా. అయితే మాత్రం ఏమైంది? వద్దు అన్నాడు కదా మనిషి. కారణం చెప్పలేదని ఒకరి వస్తువు మీద నాకు హక్కు వస్తుందా? రాదని అప్పుడూ తెలుసు.

ఆ రోజు సంతోష్‌నగర్‌లో ఒకరింట్లో గృహప్రవేశం, పగటిపూట భజన. అందరం పొద్దున నర్సింగన్న ఇంట్లో కలుసుకున్నాం. ఆయనకొక ఆచారం ఉంది. పొద్దున పూజకు ముందే తీగలన్నీ సరిచేసి, మాండొలిన్‌ని పెట్టెలో పెట్టి, మంచం మీద ఉంచుతాడు. పూజ అయ్యాక పెట్టెకు బొట్టు పెడతాడు. ఆ తర్వాత పాడే చోట కూర్చునే దాకా తెరవడు. నేను వెళ్లేసరికి ఆయన దేవుడి గదిలో ఉన్నాడు. గంట వినబడుతోంది. మిగతావాళ్లు వాకిట్లో చాయ్ తాగుతున్నారు. గదిలో నేనూ, నా హార్మోనియం, మంచం మీద ఆ పెట్టె.

తెరిచాను. నా హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టు మెల్లగా నొక్కి, ఒక్కో తీగనూ బిగించే చావీ తిప్పుతూ దానికి కలిపాను. కొత్తగా పెంచిన తీగ కాసేపటికి మళ్లీ దిగుతుందని వాయించేవాళ్లందరికీ తెలుసు. అందుకని ఇంకాస్త పైకే లాగి వదిలాను. పెట్టె మూశాను. నా లెక్క ఏమిటంటే, అక్కడ జనం ముందు తెరుస్తాడు, శ్రుతి మారిందని గుర్తుపడతాడు, తిట్టుకుంటాడు, కానీ మళ్లీ దించుకునేంత తీరిక ఉండదు, ఆ ఒక్కరోజైనా నేను నా వాయిద్యం వాయిస్తాను. ఇంత తెలివితక్కువ ఆలోచన నాకు ఆ క్షణంలో ఎంత న్యాయంగా కనిపించిందో చెప్పలేను. నవ్వుకున్నాను కూడా.

నర్సింగన్నకు ఆ మధ్యే మోకాలు పట్టేసింది. అందుకని ఆయన మాతో పాటు ఆటో ఎక్కాడు. హార్మోనియం, తబలా పెట్టాక ఆటోలో చోటు లేదు. జీవితంలో మొదటిసారి ఆ పెట్టె ఇంకొకరి చేతికి ఇచ్చాడు. శంకర్‌కి. శంకర్ దాన్ని స్కూటర్ మీద కాళ్ల నడుమ నిలబెట్టుకుని, పసిపిల్లను తీసుకెళ్తున్నట్టు మెల్లగా మా ముందు పోయాడు. ఎంత మెల్లగా అంటే, మా ఆటోవాడు విసుక్కుని హారన్ కొట్టాడు.

సంతోష్‌నగర్‌లో అందరూ కూర్చున్నాక నర్సింగన్న పెట్టె తెరిచాడు. తీగలను మోసే చిన్న చెక్కను మేము గుర్రం అంటాం. ఆ గుర్రం కింద పలక లోపలికి కుంగిపోయి ఉంది. పాత పగులు పొడవునా నోరు తెరిచింది. పలక కుంగేసరికి తీగలన్నీ వదులై వేలాడుతున్నాయి. అంటే మీకు అర్థమైందా? నేను పెంచిన శ్రుతి జాడ కూడా లేదు. నా తప్పును తానే తుడిచేసింది ఆ మాండొలిన్. నర్సింగన్న దాని మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత తలెత్తి శంకర్‌ని చూశాడు.

మర్నాడు నర్సింగన్న శాలిబండలో వాయిద్యాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్తూ నన్ను కూడా తోడు రమ్మన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకుని వెళ్లాను. ఆ బాగుచేసే ఆయన పలకను వెలుతురుకు పట్టి చూశాడు.

“దెబ్బన్న తగిలుండాలె, తీగలన్న మస్తు గుంజి కట్టుండాలె. రెండిట్ల ఏదో ఒకటి భాయ్. పలక మారుస్త, గాని పాత గొంతు రాదు.”

“నేను ఎన్నడు గుంజలే. మా బాపు సుత గుంజలే,” అన్నాడు నర్సింగన్న. “గట్లయితే దెబ్బనే.” ఆ మాట తనే తేల్చుకుని నావైపు తిరిగాడు. “తమ్మీ, నువ్వు ముందట కూసున్నవ్ గద, బండి కనవడుతుండె నీకు. శంకర్‌గాడు పెట్టె యాడనన్న పడేసిండా?”

“పడేసినట్టయితే చూడలే అన్నా. కాకపోతే సంతోష్‌నగర్ మలుపు కాడ బండి జర ఎగిరింది.”

“ఎగిరిందా?”

“ఎగిరింది. గుంత ఉండె.”

ఆ మలుపులో గుంత లేదు. బండి ఎగరలేదు. చావీలు తిప్పడం కోపంలో చేసిన పని, దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఈ మాట మాత్రం చల్లగా, ఆలోచించి, ఒక మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పాను. నేను మోస్తున్నది మాండొలిన్‌ని కాదు, ఈ మాటని.

ఆ తర్వాత ఇల్లు రెండైంది. కింద చాయ్ కిందే, పైన చాయ్ పైనే. శంకర్ మొదట్లో దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు, తర్వాత మానేశాడు, మండలికి రావడమే మానేశాడు. అతని బిడ్డ పెళ్లిలో పెదనాయనగా ముందు నిలబడవలసిన నర్సింగన్న, ఎవరో బయటివాడిలా వచ్చి అక్షింతలు వేసి తినకుండా వెళ్లిపోయాడు. ఆ పంక్తిలో నేను తిన్నాను. రెండోసారి పప్పు కూడా వడ్డించుకున్నాను.

నాకేమైందో కూడా చెప్పాలి కదా. నర్సింగన్న కొత్త మాండొలిన్ కొన్నాడు. అది ఒకటిన్నరలో శుభ్రంగా పలికింది. అప్పటి నుంచి ప్రతి శనివారం నేను హార్మోనియం వాయిస్తున్నాను. మండలి ఇప్పుడే నిండుగా ఉందని అందరూ అంటారు. నర్సింగన్న మాత్రం వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆగి, ఏదో వినబడుతుందేమోనని చూసినట్టు ఆ కొత్త దాన్ని చూస్తాడు. నాకు అప్పుడు కూడా చిరాకే. ఇంకా ఎన్నాళ్లయ్యా, అది చెక్కే కదా, అని అరవాలనిపిస్తుంది. ఎవరి మీద ఆ చిరాకు? ఆయన మీదేనా? మీరు నవ్వుకుంటున్నారని తెలుసు.

ఈ మధ్య శంకర్ మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. “నాకు యాదికొచ్చిందన్నా. నువ్వు చెప్పింది నిజమే. ఆ మలుపు కాడ బండి ఎగిరింది. పెట్టె లోపట టంగుమన్నది. భయానికి అప్పుడు కాదని చెప్పిన. పోయి అన్న కాళ్లు మొక్కుత, నువ్వు జర తోడు రా.”

ఈ మనిషిని ఏం చేయాలో చెప్పండి. నేను కల్పించిన గుంత అతనికి గుర్తొచ్చింది. నేను కల్పించిన కుదుపు అతని చెవులకు వినబడింది. ఏళ్ల తరబడి అందరూ ‘నువ్వే’ అంటే మనిషి చివరికి ‘నేనేనేమో’ అనుకుంటాడా? కాలర్ పట్టుకుని, నువ్వు ఏమీ చేయలేదురా పిచ్చోడా, అనబోయాను. “పోదాం పా,” అన్నాను.

వెళ్లాం. శంకర్ అన్న కాళ్లు పట్టుకున్నాడు. చేయని తప్పు చేశానని వెక్కివెక్కి ఏడ్చాడు. నర్సింగన్న కూడా ఏడ్చాడు. తమ్ముణ్ణి లేపి కౌగిలించుకుని, “గీ ఒక్క మాట చెప్పేటందుకు ఇన్నేండ్లు పట్టిందారా? అప్పుడే చెప్తే అప్పుడే అయిపోతుండె గదరా,” అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వదిన కళ్లు తుడుచుకుని, ఇద్దరినీ కలిపిన పుణ్యం నాదేనంటూ నాకు పాయసం పోసింది. గిన్నె ఖాళీ చేశాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి కదా.

ఇక కథ సుఖంగా ముగిసిందని, కదిలిస్తే మళ్లీ చెడుతుందని, నోరు మూసుకోవడమే మంచిదని కొన్ని వారాలు నాకు నేను చెప్పుకున్నాను. పోయిన శనివారం భజన అయ్యాక మెట్లు దిగుతూ నర్సింగన్న కొత్త మాండొలిన్ పెట్టెను ప్రేమగా తమ్ముడికి అందించాడు, పట్టుకోమని. శంకర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “నాకియ్యకే అన్నా. నా చేతులు మంచియి కావు,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంట్లో మనవరాలిని కూడా ఎత్తుకోడని, ఎక్కడ జారవిడుస్తానోనని భయపడతాడని వాళ్లావిడ చెప్పింది. అందరూ నవ్వారు.

అందుకే ఇది రాస్తున్నాను. వాళ్లకు చెబుతానా? ఏమో. పిరికివాడి మాట మీద మీరు నమ్మకం పెట్టుకోవద్దు. నన్ను క్షమించమని కూడా అడగను. ఆ క్షమ నా కళ్ల ముందే శంకర్‌కి వెళ్లిపోయింది, అతను నాకోసం ఏడ్చి మరీ తీసుకున్నాడు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ రోజు బండి ఎగరలేదు. పెట్టె కింద పడలేదు. శంకర్ చేతులు చాలా మంచివి. చావీలు తిప్పింది నేను.