పిప్పి కుప్ప వెనక దగ్గు

పాకాల దారిలో బెల్లం కాగే వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి నోటికి అడ్డం పోతుంది.

మా నాయనకు చెరుకు గానుగ ఉండేది. నా ఎనిమిదో ఏట పట్టుకున్న దగ్గు మూడు వారాలైనా వదల్లేదు. అయినా బడికి పోయేదాన్ని, తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని. "పొయ్యి పొగకు వచ్చిన దగ్గులే, తగ్గిపోతాది" అనేవాడు నాయన. అసలు కారణం నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఉండలు చేయకముందే వేడి బెల్లం దొంగతనంగా గిల్లుకుని తినేదాన్ని మరి. అందుకే దగ్గొస్తే చెరుకు పిప్పి కుప్ప వెనక్కి పోయి, నోరు మూసుకుని దగ్గేదాన్ని.

ఒకరోజు మిద్దె మెట్లెక్కి ఆయాసపడుతుంటే అమ్మ చూసింది. నాయన నన్ను చిత్తూరు తీసుకుపోయాడు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టగానే, లోపలి బెల్లం వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

"గాలి పీల్చు పాపా" అన్నాడాయన. తర్వాత ఎక్స్‌రే చూసి, న్యుమోనియా అన్నాడు.

"ఆడుకుంటానే ఉండాది గదా సార్!" అన్నాడు నాయన.

"ఇది మంచాన పడేసే రకం కాదప్పా. బిడ్డ ఆడుకుంటా ఉన్నా లోపల ఉంటాది."

నేను ఏడుస్తూ బెల్లం సంగతి, కుప్ప సంగతి చెప్పేశాను. డాక్టరు నవ్వాడు. నాయన కిటికీ వైపు తిరిగాడు. నా మీద కోపమనుకున్నాను.

మందులతో తగ్గిపోయింది. మొన్న నా కూతురు తాడాట ఆడుతూ, ఆగి ఆగి దగ్గింది. పది రోజులుగా అదే దగ్గు. "ఆడుకుంటూనే ఉంది కదా" అనబోయి ఆగిపోయాను. ఆనాడు నాయన కోపం ఎవరి మీదో అప్పుడు తెలిసింది.