లింగయ్య వదిలిన తెలుపు

మాదాపూర్‌లో నేను డిజైన్ చెప్పే క్లాసులో తల నెరిసిన విద్యార్థి లింగయ్య ఒక్కడే. మియాపూర్ డిపో దగ్గర షాపులో పద్దెనిమిదేళ్లు ఫ్లెక్సీలు చేశాడు. ఇప్పుడు ఓనరు ఫోనులో నాలుగు మాటలు టైపు చేస్తే ఫ్లెక్సీ తయారైపోతోంది. దసరా దాకే పని అని చెప్పేశాడు. చూపించడానికి ఒక్క మంచి పని ఉంటే ఏదో ఒక కంపెనీ తీసుకుంటుందన్న ఆశతో లింగయ్య నా దగ్గర చేరాడు. నాకు ఆ ఆశ మొదటి రోజే లేదు. ఫీజు కట్టిన మనిషికి ఆ మాట చెప్పే ధైర్యమూ లేకపోయింది.

మొదట్లో నన్ను చంపుకు తిన్నాడు. జానెడు చోటు కనిపిస్తే అక్కడో పువ్వు, లేదంటే దండం పెడుతున్న నాయకుడు. పేజీ మీద కంటికి కనబడని గళ్లు గీసుకోవాలనీ, ప్రతి అక్షరం ఆ గీత పట్టుకుని నిలబడాలనీ వంద సార్లు చెప్పాను. ముందు ఒక్కటే కనబడాలి, మిగతాదంతా ఖాళీగా వదిలెయ్యమని అరిచాను కూడా. అతను తలూపి రాసుకునేవాడు.

ఆషాఢంలో వాళ్లమ్మ మల్లవ్వ పోయింది. దినాలకు ప్రగతి నగర్‌లో తమ గల్లీ మొదట కట్టే ఫ్లెక్సీ తనే చేసి, పొద్దున్నే నా ఫోనుకు పంపాడు. ఎడమ పక్కన ముడతల ముఖం. దాని అంచు పట్టుకుని పేరు, కింద చిన్నగా రెండు తేదీలు. మిగతా అంతా తెలుపు. నా క్లాసులో ఎవరూ అంత బాగా చెయ్యలేదు. కోకాపేటలో ఒక కంపెనీలో నాకు తెలిసిన వాళ్లకు వెంటనే చెప్పాను. సోమవారం అతన్ని ఆ పని తీసుకుని రమ్మన్నారు.

ఆ ఫ్లెక్సీ మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. తమ్ముడు బాలు చుట్టాలందరి ముందూ అడిగాడట: "అన్నా, అమ్మకు ఎవ్వరు లేరా? గిట్ల ఏసినవేంది?" మేనమామ అన్నం ముట్టనన్నాడు. లింగయ్య షాపుకు పోయి, ఆ తెలుపంతా కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలతో నింపి తెచ్చాడు. వార్డు నాయకుడితో కలిపి ముప్పై మూడు ముఖాలు.

సోమవారం అతను కోకాపేట వెళ్లలేదు. నాకు ఒళ్లు మండి ఫోన్ చేశాను. చుట్టాలకేం తెలుసు, మొదటిదే అసలైన పని, దాన్ని చూపించడానికి ఏమైంది అని కేకలేశాను. అంతా విని నెమ్మదిగా చెప్పాడు.

"ఆఖరి రెండు నెలలు అమ్మ ఒక్కతే పండుకొని ఉండె సార్. నేను పొద్దుగాల మీ క్లాసుకు, ఆడికెళ్లి షాపుకు పోతుంటి. ఆ తెలుపు జూస్తే గదే యాదికొస్తది. దాన్ని జూపెట్టి నౌకరి ఎట్ల అడగాలె?"

దసరాకు షాపులో అతన్ని మాన్పించారు. ఇంకో కంపెనీకి చెబుతానని నేను అనలేదు. నాకు తెలిసింది ఆ కోకాపేట కంపెనీ ఒక్కటే.